తుపాకులు మోగుతుంటే పియానో పాఠమా? మాతీస్ 1917 బొమ్మ గురించి

డెలావేర్ సుధ | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. అమ్మ ఏలూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. గుళ్లూ మాల్సూ అయిపోయాయి, ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తోచక ఇవాళ ఫిలడెల్ఫియాలో బొమ్మల మ్యూజియం బార్న్స్ ఫౌండేషన్‌కి తీసుకెళ్లాను. వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ బొమ్మల పక్కన పేరుచీటీలు ఉండవు. ఒకే గోడమీద రెన్వార్, సెజాన్ లాంటి చిత్రకారుల బొమ్మలు, మధ్యలో తలుపు గడియలు, ఇనుప బందులు, అన్నీ కలిపి తగిలించి ఉంటాయి. చదవడానికి ఏమీ లేకపోతే మనిషి బొమ్మనే చూస్తాడని, ఆ బొమ్మలు సేకరించిన బార్న్స్‌గారి లెక్క.

ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ వేసిన ‘సంగీత పాఠం’ ముందు అమ్మ ఆగిపోయింది. ఆళ్లెత్తు దాటిన పెద్ద బొమ్మ. పియానో దగ్గర ఒక అబ్బాయి, పక్కన ఒక అమ్మాయి. ఎడమవైపు కుర్చీలో ఇంకో అబ్బాయి సిగరెట్టు పట్టుకుని పుస్తకం చదువుతున్నాడు. కిటికీ అవతల తోటలో తల్లి కుట్టుపని చేసుకుంటోంది. చుట్టూ పచ్చదనం, ఒక నీటిగుంట, గట్టుమీద పడుకున్న ఆడమనిషి శిల్పం. అమ్మ ఐదు నిమిషాలు చూసి, “అందరూ ఉన్నారు, ఇంటాయన ఏడీ?” అంది.

నాకు నవ్వొచ్చింది. ఇంటాయనే కదమ్మా బొమ్మ వేస్తున్నది అన్నాను. ఇంటికొచ్చి ఏడాది చూస్తే 1917. అంటే మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో! అప్పట్నించీ మనసు అక్కడే ఉంది. అప్పుడు ఫ్రాన్సులో ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎలా ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రమట్టి | శనివారం రాత్రి 10:47

ప్రశాంతంగ ఎందుకుండదక్కా, పైసలున్నోళ్ల ఇల్లు. 1916ల వెర్దూన్ కాడ పది నెలలు కొట్లాడిన్రు, సోమ్ నది కాడ లక్షల మంది సచ్చిన్రు. ఈయన మాత్రం తోటల భార్యను కూసోబెట్టి పచ్చరంగు పూస్తున్నడు. అదే యుద్ధంల బొమ్మలేసే బ్రాక్‌కు తలకు దెబ్బ తగిలింది, ఇంకో చిత్రకారుడు లెజే వెర్దూన్‌ల ఉన్నడు. అటు దిక్కు జర్మనీల కళాకారిణి కేథె కోల్విట్జ్ కొడుకు 1914 అక్టోబర్‌లనే పోయిండు, ఆమె ఆ దుఃఖాన్ని ఏండ్లకేండ్లు చెక్కి తల్లిదండ్రుల శిల్పం చేసింది. అది కళ. ఇది గోడకు అందం. నా మాట కటువుగుంటే మాఫీ.

డ్రాయింగు మాస్టారు | ఆదివారం ఉదయం 6:20

సుధమ్మా, మీ అమ్మగారు మావూరి మనిషని తెలిసి సంతోషం. ముప్పయ్యారేళ్లు పిల్లలకి బొమ్మలు నేర్పాను, ఈ బొమ్మని రంగుల్లో చూడటానికి మాత్రం రిటైరయ్యేదాకా ఆగాల్సొచ్చింది. బార్న్స్ తన బొమ్మల్ని రంగుల్లో అచ్చువేయనిచ్చేవాడు కాదు. పుస్తకాల్లో నలుపు తెలుపే. 1993లో ఆ సేకరణలో కొంత భాగం ఊళ్లు తిరిగాకే లోకం చాలావాటిని రంగుల్లో చూసింది.

ఎర్రమట్టి తమ్ముడూ, కోపం అర్థమైంది. కానీ ఇల్లూ మనుషులూ ఎవరో తెలుసుకుని తిట్టు.

అది పారిస్‌కి నైరుతిగా ఉన్న ఇస్సీ-లె-మూలినో. మాతీస్ కుటుంబం 1909లో అక్కడికి మారింది. పియానో దగ్గర కూర్చున్నది చిన్నకొడుకు పియెర్, పక్కన కూతురు మార్గరీత్. సిగరెట్టు కుర్రాడు పెద్దకొడుకు జాఁ, 1899 జనవరిలో పుట్టాడు. అంటే బొమ్మనాటికి పద్దెనిమిది నిండాయి. ఆ ఏడాదే సైన్యంలోకి వెళ్లాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఆ లెక్కతో మళ్లీ చూడు.

ఇక మాతీస్. యుద్ధం మొదలయ్యేనాటికి నలభై నాలుగేళ్లు. సైన్యంలో చేరతానని వెళ్తే తీసుకోలేదు. స్నేహితుడు మార్సెల్ సెంబా అప్పట్లో మంత్రి. మేం దేశానికేం చెయ్యాలి అని ఆయన్ని అడిగితే, మంచి బొమ్మలు వేస్తూ ఉండటమే అన్న అర్థంలో చెప్పాడట.

ఎర్రమట్టి | ఆదివారం ఉదయం 8:05

మాస్టారూ, మంత్రి దోస్తు ఉంటే అట్లనే చెప్తడు. రైతు కొడుకుకు చెప్పిండా, మంచిగ దున్ను సాలు అని?

పాత అట్లాసు | ఆదివారం ఉదయం 9:31

ఒక్క మ్యాపు చూస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

మాతీస్ పారిస్‌వాడు కాదు. పుట్టింది ఉత్తరాన ల కాతో-కాంబ్రెసిలో, పెరిగింది బోయెన్‌లో. బట్టల నేతా, బీటు దుంపల చక్కెరా తప్ప చెప్పుకోవడానికేమీ లేని చిన్న ఊరు. తండ్రి విత్తనాలు, ధాన్యం అమ్మే కొట్టు నడిపేవాడు. 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం దిగినప్పుడు ఆ ప్రాంతమంతా వాళ్ల చేతిలోకి పోయింది, 1918 అక్టోబరు దాకా తిరిగి రాలేదు. తండ్రి అప్పటికే లేడు. ముసలి తల్లి ఆ ఊళ్లోనే చిక్కుకుపోయింది. తమ్ముడు ఆగస్ట్‌ను ఊరి మగవాళ్లతోపాటు పట్టుకుని జర్మనీకి తరలించారు.

ఇస్సీ నుంచి బోయెన్ రైల్లో పూటలో వెళ్లొచ్చే దూరం. మధ్యలో యుద్ధరేఖ. ఉత్తరాలు లేవు. తల్లి తిన్నదో లేదో తెలియదు. ఆ నాలుగేళ్లూ ఆ ఇంట్లో ఆ సంగతి ఉంది.

ఇంకోటి. బోయెన్ నుంచి బందీలుగా పోయినవాళ్లకి తిండి పంపడం కోసం ఆయన లోహపు రేకుల మీద బొమ్మలు గీసి, అచ్చులు తీసి అమ్మాడు. మంత్రి దోస్తు మాటతో ఊరుకున్న మనిషి కాదు.

ఎర్రమట్టి | ఆదివారం ఉదయం 9:58

ఇది నాకు తెల్వదు. సరే, మనిషిని అన్న మాట వాపస్ తీస్కుంటున్న. బొమ్మను అన్న మాట తీస్కోను. తల్లి శత్రువు చేతిల ఉంటే ఆ బాధ బొమ్మల ఏడ కనవడుతది? నాకు చూపెట్టున్రి.

వీణతీగ | ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను చూపిస్తా, కానీ ఈ బొమ్మలో కాదు. దీని ముందు ఏడాది వేసిందాన్లో.

1916 ఎండాకాలం చివర్లో ఇదే గది, ఇదే పియానో, ఇదే కిటికీ పెట్టి ‘పియానో పాఠం’ వేశాడు. అది న్యూయార్క్‌లో మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. దాదాపు ఇదే కొలత, ఎనిమిది అడుగుల పైన ఎత్తు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకే మనిషి వేశాడంటే నమ్మబుద్ధి కాదు. అందులో గదంతా బూడిదరంగు. తోట లేదు, ఆకుపచ్చని త్రికోణం ఒక్కటే ఉంది. గులాబిరంగు పియానో మీద కొవ్వొత్తి, లయ కొట్టే యంత్రం మెట్రోనోము. పియానో వెనక నుంచి అబ్బాయి తల మాత్రం కనిపిస్తుంది. ఆ మొహం మీద ఒక కన్నుని కప్పేస్తూ కోసినట్టు ఓ ముక్క పడి ఉంటుంది. సరిగ్గా మెట్రోనోము ఆకారం.

నేను వీణ నేర్చుకున్నది మా అత్తయ్య దగ్గర. సరళీ స్వరాలు మూడో కాలం వచ్చేదాకా కిటికీ వైపు చూడనిచ్చేది కాదు. బయట పిల్లలు ఆడుకుంటుంటే నా చెవి అక్కడ, చెయ్యి ఇక్కడ. ఆ పిల్లాడి మొహం నాకు తెలుసు. మెట్రోనోము అంటే మన తాళం లాంటిది కాదు. తాళం మన చేత్తో మనమే వేసుకుంటాం. అది మాత్రం మనతో పనిలేకుండా టక్ టక్‌మని కొట్టుకుంటూ పోతుంది. 1916లో ఇంట్లో అలా టక్ టక్‌మంటున్నది ఏమిటో మీరే ఆలోచించండి.

కుడివైపు పైన ఒకావిడ ఎత్తుపీట మీద కూర్చుని పిల్లాణ్ణి కనిపెడుతున్నట్టు ఉంటుంది. ఆవిడే సంగీతం టీచరనుకుని ఆవిడ మీద నేను చాలాకాలం పగబట్టాను. తీరాచూస్తే ఆవిడ మనిషే కాదు, గోడకున్న పటం! 1914లో మాతీస్ వేసిన ‘ఎత్తుపీట మీద స్త్రీ’.

గూడెం కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 2:40

వీణతీగ గారూ, ఆ పటం సంగతి భలే ఉందండి. నేనూ టీచరే అనుకున్నా. ఒక సందేహమండి. ఆ పిల్లాడికి ఎన్నేళ్లు? చూస్తే ఎనిమిదో తొమ్మిదో అనిపిస్తుంది. మరి ఏడాది తర్వాత బొమ్మలో పెద్దోడిలా ఉన్నాడేంటండి?

పాత అట్లాసు | ఆదివారం మధ్యాహ్నం 2:52

అడగాల్సిన ప్రశ్న అడిగావు. పియెర్ 1900 జూన్‌లో పుట్టాడు. ‘పియానో పాఠం’ నాటికి పదహారు దాటాయి.

గూడెం కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 2:55

పదహారా!! తండ్రే వేశాడు కదండీ? ఎదురుగా పదహారేళ్లోడు కూర్చుంటే చంటోణ్ణెలా వేస్తాడండి?

వీణతీగ | ఆదివారం సాయంత్రం 4:10

నేను అనుకునేది చెప్తాను, రుజువులేం లేవు. ఆ ఏడాది జాఁకి పదిహేడు. ఇంకొన్ని నెలల్లో వాణ్ణి పిలుస్తారు, వాడి వెనక పియెర్. తండ్రి కుంచె చేతిలో ఉన్నప్పుడు వయసు తగ్గించడం ఒక్కటే ఆయన చేయగలిగింది. మా అమ్మ ఇప్పటికీ బస్సులో మా తమ్ముడికి హాఫ్ టిక్కెట్టు వయసే చెప్పాలని చూస్తుంది (వాడికి ఇద్దరు పిల్లలు).

డ్రాయింగు మాస్టారు | ఆదివారం సాయంత్రం 5:30

వీణతీగమ్మా, హాఫ్ టిక్కెట్టు మాటకి ఇంట్లో అందరం నవ్వాం. కానీ కాస్త జాగ్రత్త. మాతీస్ బొమ్మల్లో మొహాలు చిన్నవై గుండ్రంగా మారడం మామూలే. ఆ ఏళ్లలో ఆయన ప్రతిదాన్నీ తీసివేస్తూ వెళ్తున్నాడు. గీకాడు, చెరిపాడు, మళ్లీ గీకాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆ బూడిదరంగు మీద గీకిన గుర్తులు కనిపిస్తాయి. కండపుష్టి ఉన్న కుర్రాడు ఆ తీసివేతల్లో చిన్నవాడైపోయాడని కూడా అనొచ్చు.

ఎర్రమట్టి అడిగినదానికి నా జవాబు వేరే బొమ్మ. 1914లో యుద్ధం మొదలయ్యాక కుటుంబాన్ని తీసుకుని స్పెయిన్ సరిహద్దు దగ్గర కొలియూర్ అనే సముద్రపు ఊరికి వెళ్లాడు. అంతకుముందు అదే ఊళ్లో తెరిచిన కిటికీలోంచి పడవల్నీ నీళ్లనీ రంగులు చిమ్ముతూ వేసినవాడు, ఈసారి అలాంటి కిటికీ వేసి మధ్యనంతా నలుపు పూశాడు. అటూ ఇటూ రెండు మూడు నిలువు పట్టీలు, అంతే. బతికుండగా దాన్ని ప్రదర్శనకు పెట్టలేదు. ఇప్పుడు పారిస్‌లో పాంపిదూ సెంటర్‌ సేకరణలో ఉంది.

ఎర్రమట్టి | ఆదివారం సాయంత్రం 6:02

ఇప్పుడే ఫోన్ల చూసిన మాస్టారూ. గదీ! గిట్లుండాలె. చూస్తుంటే గుండె జల్లుమన్నది. ఇంత తెలిసినోడు మూడేండ్లకు మల్ల పచ్చ పచ్చగ తోట ఎందుకేసిండు? నలుపు కిటికీ, బూడిద గది, ఆఖరుకు తోట. ఎనుకకు నడిచినట్టు లేదా?

పాత అట్లాసు | ఆదివారం సాయంత్రం 6:40

ఈ మాట నీదొక్కడిదే కాదు. ఆధునిక కళని ఇష్టపడేవాళ్లు చాలామంది ‘సంగీత పాఠం’ చూసి మొహం చిట్లించారు. ‘పియానో పాఠం’ గొప్పది, రెండోది వెనకడుగు అన్నది మామూలు తీర్పు. యుద్ధకాలంలో పికాసో కూడా, వస్తువుల్ని కోణాల ముక్కలుగా వేసే క్యూబిజంతోపాటు మళ్లీ పోలికలున్న మనుషుల్ని గీయడం మొదలెట్టాడు. అది ఆ కాలపు గాలి.

గూడెం కుర్రోడు | ఆదివారం రాత్రి 9:18

నాకు బొమ్మల గురించి తెలీదండి. ఒక ఇంటి సంగతి చెప్తాను.

మా నానమ్మ పుట్టిల్లు మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గరండి, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ సైన్యానికి వెళ్తున్న ఊరు. రెండో యుద్ధానికి మరీ ఎక్కువమంది వెళ్లారు. నానమ్మ చిన్నప్పుడు వాళ్ల బాబాయి రెండో యుద్ధంలో బర్మా వైపు ఉన్నాడంట. తొమ్మిది నెలలు జాబు రాలేదు.

ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో ఏం చేశారే అని అడిగాను. ఏడ్చేవాళ్లా, గుడికెళ్లేవాళ్లా అని. నానమ్మ అంది కదండీ, “ఏం చేత్తాం, వడ్లు దంచుకున్నాం, చల్ల చిలుక్కున్నాం. ఆ ఊసు ఎవరూ ఎత్తేవోరు కాదు. ఎత్తితే పిన్ని లేచెళ్లిపోయేది.” బయటినించి ఎవరొచ్చి చూసినా ఆ ఇల్లు మామూలుగానే ఉండేదంట. కాకపోతే ఎవరి పని వాళ్లదే. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవోరు కాదంట. చూస్తే బయటపడిపోతామని.

సుధక్కా, మీరు మళ్లీ వెళ్తే చూసి చెప్పండి. ఆ బొమ్మలో ఎవరైనా ఎవరి వైపైనా చూస్తున్నారా?

వీణతీగ | ఆదివారం రాత్రి 9:33

లేదు. ఇప్పుడే పెద్దది చేసి చూశాను. జాఁ పుస్తకంలోకి. పిల్లలిద్దరూ స్వరాల కాగితం వైపు. తల్లి ఒళ్లోని కుట్టుపని మీదికి. నలుగురూ తలలు దించుకునే ఉన్నారు.

అరుగు నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 10:05

ఏఐ తో వేసిన ‘మాతీస్ తరహా సంక్రాంతి’ బొమ్మలు ఇక్కడ పెట్టిన సభ్యుడి టపాలు మూడు తొలగించాను. దానికి వేరే చర్చాదారం ఉంది. చర్చ సాగించండి.

డెలావేర్ సుధ | సోమవారం ఉదయం 7:45

గూడెం తమ్ముడూ, నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “బెజవాడలో మీ నాన్నకి ఆపరేషనైనప్పుడు నేను కందిపప్పు ఏరుతూ కూర్చున్నాను, ఏరిన పప్పే మళ్లీ ఏరాను” అంది. ఇన్నేళ్లలో నాకిది చెప్పలేదు.

డ్రాయింగు మాస్టారు | సోమవారం ఉదయం 8:30

అమ్మగారి మొదటి ప్రశ్న మీద రాత్రంతా ఆలోచించాను. ఇంటాయన ఏడీ అని కదా అడిగారు. ఆ పియానో మీద వయొలిన్ ఉంది చూడండి, పెట్టె తెరిచి. పక్కన స్వరాల పుస్తకం మీద స్వరకర్త హైడన్ పేరు రాసి ఉంటుంది. ఆ వయొలిన్ వాయించేది మాతీసే. పిల్లలకి సంగీతం రావాలని పట్టుబట్టింది కూడా ఆయనే. తను కూర్చోవలసిన చోట వాద్యం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. గోడమీద తను వేసిన పటం, తోటలో తను చేసిన శిల్పం. ఇంటాయన వస్తువులన్నీ ఉన్నాయి, మనిషి లేడు.

నిజంగానే లేకుండా పోయాడు కూడా. 1917 చివరికి నీస్ వెళ్లాడు, అక్కడ హోటలు గదిలో దిగాడు. ఆ తర్వాత ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణాదిలోనే. ఈ నలుగురూ ఈ గదిలో ఇలా కూర్చున్న ఆఖరి ఎండాకాలం ఇంచుమించు ఇదే.

ఎర్రమట్టి | సోమవారం ఉదయం 9:10

మాస్టారూ, అంటే ఇది కుటుంబం ఫోటో లెక్క? పిలగాడు మిలిటరీకి పోయే ముందు స్టూడియోకు పోయి దిగుతరు చూడు, గట్ల?

డ్రాయింగు మాస్టారు | సోమవారం ఉదయం 9:25

నేను ఇంత చెప్పినా నాకు దొరకని మాట నువ్వన్నావురా అబ్బాయ్. అలాంటి ఫోటోలో ఎవరూ ప్రయోగాలు చేయరు. చొక్కా గుండీలతో సహా అందరూ ఆనవాలు పట్టేట్టు ఉండాలి. 1916లో కొడుకుని బూడిద గదిలో ఒక ఆకారంగా వేయగలిగాడు. 1917లో ఎందుకో ప్రతి ఆకునీ, తల్లి కూర్చున్న ఊగే కుర్చీనీ, వాడి చేతిలో సిగరెట్టునీ వేయాలనిపించింది. ఆ వసంతంలో ఫ్రెంచి దాడి విఫలమై సైనికులే తిరగబడ్డారు. యుద్ధం ఎప్పటికి ముగుస్తుందో ఎవరికీ తెలియని ఎండాకాలం అది.

పాత అట్లాసు | సోమవారం ఉదయం 10:12

తర్వాతి కథ కొంచెం, అడుగుతారని.

ఇద్దరు కొడుకులూ ఆ యుద్ధం నుంచి బతికే వచ్చారు. జాఁ శిల్పి అయ్యాడు. పియానో పిల్లాడు పియెర్ సంగీతం వదిలేసి న్యూయార్క్ వెళ్లి బొమ్మల వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1931లో సొంత గ్యాలరీ తెరిచాడు, మీరో, జకొమెత్తీ లాంటి కళాకారుల్ని అమెరికాకి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు. బోయెన్‌లో ముసలి తల్లి కూడా యుద్ధం గట్టెక్కింది. విముక్తి తర్వాత మాతీస్ వెళ్లి చూశాడు. 1920లో ఆమె పోయింది.

అసలు దెబ్బ రెండో యుద్ధంలో తగిలింది, అదీ ఈ బొమ్మలో నోరెత్తని ఇద్దరు ఆడవాళ్లకి. మార్గరీత్‌కి చిన్నప్పుడు ఊపిరాడక గొంతుకి కోత పెట్టారు. ఆ మచ్చ కనబడకుండా మెడకి నల్ల రిబ్బను కట్టుకునేది, చాలా బొమ్మల్లో కనిపిస్తుంది. ఆవిడా, మాతీస్ భార్య అమేలీ ఇద్దరూ నాజీలకి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేశారు. 1944లో ఇద్దర్నీ పట్టుకున్నారు. తల్లిని జైల్లో పెట్టారు. కూతుర్ని నాజీల రహస్య పోలీసు గెస్టాపో చిత్రహింసలు పెట్టింది. బతికి బయటపడింది. అప్పటికి మాతీస్ దక్షిణాదిలో, పెద్ద ఆపరేషన్ తర్వాత చాలావరకు మంచం మీదనే ఉండి రంగుకాగితాలు కత్తిరిస్తున్నాడు. అమేలీతో 1939లోనే విడిపోయాడు.

ఎర్రమట్టి | సోమవారం ఉదయం 10:40

తోటల బట్టలు కుట్టుకుంటున్న తల్లి... జైలుకు పోయిందా.

వీణతీగ | సోమవారం ఉదయం 10:44

పైసలున్నోళ్ల ఇల్లు అన్నావుగా మొదట్లో.

ఎర్రమట్టి | సోమవారం ఉదయం 10:51

అన్న అక్కా. కాదంటలేను. కాలిన కాడ ఉప్పు సల్లకు.

డెలావేర్ సుధ | తర్వాతి ఆదివారం సాయంత్రం 5:20

నెలలో మొదటి ఆదివారం బార్న్స్‌లో టిక్కెట్టు ఉండదు, అందుకని జనం కిటకిట. అమ్మ రానంది, మోకాళ్లు. ఒక్కదాన్నే వెళ్లి ఆ బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

ఇక్కడ చదివాక కళ్లు వేరే చోటికి పోయాయి. జాఁ కూర్చున్న మూల బొమ్మలో అన్నిటికంటే మనకి దగ్గర. లేచి ఒక్క అడుగు వేస్తే బొమ్మ బయటికి వచ్చేస్తాడు. తోటలో తల్లి మాత్రం అన్నిటికంటే దూరం, చాలా చిన్నగా ఉంది. మధ్యలో కిటికీ, పియానో. ఆవిడకి వీడు కనిపించే వీలే లేదు. ఇంకోటి కూడా చూశాను, తోట అంత పచ్చగా ఉన్నా ఆ ఆకుల వెనక నలుపు బాగా ఉంది. మాస్టారు చెప్పిన కొలియూర్ కిటికీ గుర్తొచ్చింది.

ఫోన్లో అమ్మకి ఇదంతా చెప్పాను. అంతా విని, “ఆ పిల్లాడు తిరిగొచ్చాడన్నారుగా? అది చాలు. వచ్చేటప్పుడు కరివేపాకు పట్రా” అంది.

గూడెం కుర్రోడు | తర్వాతి ఆదివారం సాయంత్రం 6:05

మా నానమ్మ బాబాయి కూడా తిరిగొచ్చాడండి. చెప్పడం మర్చిపోయాను. ఆయన వచ్చిన రోజు పిన్ని లేచి ముందు పొయ్యి మీద ఎసరు పెట్టిందంట, తర్వాతే మొహం చూసిందంట.

ఎర్రమట్టి | తర్వాతి ఆదివారం రాత్రి 8:30

సుధక్కా, నువ్వు ఆకుల ఎనుక నలుపు అన్నవు కదా, నేను గూడ పెద్దగ చేసి చూసిన. ఉన్నది. గని నాకు ఇప్పటికీ ఆ నల్ల కిటికీనే మంచిగనిపిస్తది, ఏం చెయ్యను. మాస్టారూ, మూడు బొమ్మలు ఒక్క కాయిదం మీద అచ్చు తీస్తే ఎంత సైజు పెట్టాలె? మా బడి పిలగాండ్లకు చూపెట్టాలె.

డ్రాయింగు మాస్టారు | తర్వాతి ఆదివారం రాత్రి 9:00

ఏ3 కాగితం అడ్డంగా పెట్టు. నలుపు కిటికీ ఎడమన, బూడిద గది మధ్యన, తోట కుడిన. ఏడాదులు కింద రాయకు. ఏది ముందు వేశాడో పిల్లల్నే చెప్పమను, ఏమన్నారో ఇక్కడ రాయి.